లాల్‌గడి మలక్‌పేట్‌లో తూర్పు వెతికిన రోజు

కాపురానికి మేడ్చల్ వచ్చిన మొదటి వారం నేను ఆ పెట్టెను కుట్టుమిషన్ అనుకున్నాను. మాది రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో కిటికీ కింద నాలుగు ఇటుకలు పేర్చి, వాటి మీద గోనెసంచి పరిచి, ఆ పైన పెట్టిన చెక్కపెట్టె అది. ఇత్తడి కొండీ, తోలు పట్టీ. మా ఆయన పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు దాని మీది దుమ్ము తుడిచేవాడు. నాకు కుట్టుపని వచ్చు. తీసి చూడాలని చేతులు గుంజేవి గానీ, కొత్త కోడల్ని, అడక్కుండా ముట్టుకుంటే బాగుండదని ఆగాను.

నాలుగో రోజు అడిగేశాను. "మీ మిషన్ నడుస్తదా? నాయి రెండు జాకెట్లు కుట్టుకునేటియి ఉన్నయి."

ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. పెట్టె తెరిచి చూపించాడు. లోపల పొట్టి దూరదర్శిని ఒకటి, దాని కింద పళ్లెంలాంటి చక్రం, పక్కన నిలువుగా ఇంకో చక్రం, చిన్న చిన్న మరలు, గాజుగొట్టంలో కదిలే బుడగ.

"దీన్ని థియోడలైట్ అంటరు. ఊర్లల్ల దుర్బీన్ అంటరు. కోణాలు కొలుస్తది. మా ఉస్తాద్ పని బందు వెట్టిన దినం నా చేతుల వెట్టిండు," అన్నాడు. జాకెట్లు కుట్టేది కాదని తెలిసి నాకు కొంచెం దిగులే అయింది.

ఆయన పని భూములు కొలవడం. ప్రభుత్వ ఉద్యోగం కాదు. ఐటీఐ చదివి, ఉస్తాద్ అని పిలిచే ఒక ముసలి సర్వేయర్ దగ్గర ఏడేళ్లు పని నేర్చుకొని, సొంతంగా మొదలుపెట్టాడు. తొంభైల నడిమి కాలం అది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ద్రాక్షపందిళ్ల పక్కనే ప్లాట్ల హద్దురాళ్లు లేస్తున్న రోజులు. వారంలో నాలుగు రోజులైనా పని ఉండేది. కొలిచే గొలుసు లాగడానికీ, అంకెలు రాసిన పొడుగు కట్టె పట్టుకొని దూరంగా నిలబడడానికీ ఆయన దగ్గర ఒక మనిషి ఉండేవాడు. అతను గండిమైసమ్మ దగ్గర షేర్ ఆటో నడుపుకుంటానని ఉన్నట్టుండి పని మానేశాడు.

"రేపు శామీర్‌పేట కాడ పనున్నది. కట్టె పట్టెటోడు లేడు," అన్నాడు ఆయన ఆ రోజు అన్నం తింటూ.

"పట్టుకొని నిలవడుడేనా?"

"అంతే. గని సక్కగ నిలవెట్టాలె. జరంత గూడ వంగొద్దు."

"నేనొస్త."

ఆయన ముద్ద చేతిలోనే ఆపి నా వైపు చూశాడు. "ఎండల?"

"మా అమ్మగారింట్ల నాట్లేసింది నీడలనా?"

మర్నాడు పొద్దున స్కూటర్ వెనక కూర్చొని, ఆ పెట్టెను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పట్టుకొని శామీర్‌పేట పోయాను. గుంతలు వచ్చినప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి "పైలం" అనేవాడు. ఆ జాగ్రత్త నాకా, పెట్టెకా అని అడగలేదు. జవాబు తెలుసు.

పొలంలో ఆయన మూడుకాళ్ల స్టాండు పాతి, దాని మీద దుర్బీన్ బిగించి, బుడగ నడుమకు వచ్చేదాకా మరలు తిప్పాడు. నేను రెండు వందల అడుగుల దూరంలో నా ఎత్తుకు రెండింతలున్న కట్టె పట్టుకొని నిలబడ్డాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తితే ఎడమకు, కుడి చెయ్యి ఎత్తితే కుడికి. పక్క చెల్కలో టమాట తెంపుతున్న ఆడవాళ్లు కాసేపు చూసి ఉండబట్టలేక దగ్గరికొచ్చారు.

"ఏం బిడ్డా, గా కట్టె వట్టుకొని నిలవడ్డవ్. ఎవలన్న శిక్షేసిన్రా?"

"మా ఆయన నిలవడుమన్నడు," అన్నాను.

"పెండ్లెన్ని దినాలైంది?"

"మూడు నెలలు."

"అప్పుడేనా," అని ఒకామె తల ఊపింది. అందరూ ఒకటే నవ్వడం. నేనూ నవ్వాను. కట్టె ఊగింది. అక్కడి నుంచి ఆయన రెండు చేతులూ ఎత్తాడు.

పదకొండు గంటలప్పుడు నీళ్లు తాగడానికి ఆయన దగ్గరికి పోతే, "ఒకసారి నువ్వు సూస్తవా?" అన్నాడు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను గాజుకు ఆనించాను. ఆకాశం కింద ఉంది, నేల పైన ఉంది. టమాట తెంపే ఆడవాళ్లు నేలకు అతుక్కొని తలలు కిందికి వేలాడుతున్నారు. ఒక బర్రె కాళ్లు పైకి పెట్టి తీరుబడిగా గడ్డి మేస్తున్నది.

"ఇది ఖరాబైంది," అన్నాను.

"ఖరాబ్ గాలే. పాత దుర్బీన్లల్ల అన్ని తలకిందులుగనే కనవడ్తయి. పొద్దుగాల నుంచి నిన్ను గూడ గట్లనే సూస్తున్న. తలకిందులున్నా కట్టె మాత్రం సక్కగ వట్టినవ్."

నాకు నవ్వు ఆగలేదు. గట్టు మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. తర్వాత ఆ ఆడవాళ్లను కూడా ఒక్కొక్కరినీ పిలిచి చూపించాము. ఒకామె తన బర్రెను చూసుకొని, "గట్లుంటె పాలెట్ల పిండాలె," అని పరేషాన్ అయింది. ఆ రోజు నుంచి కట్టె పట్టేది నేనే. ఇంకో మనిషి కోసం ఆయన వెతకలేదు.

నెల తిరిగేసరికి ఇంకో సంగతి బయటపడింది. దుర్బీన్ కింది పళ్లెం చుట్టూ సన్నటి గీతలుంటాయి, డిగ్రీలు. డిగ్రీలోని నిమిషాలు తెలియాలంటే పక్కనున్న చిన్న పట్టీ మీద, వెర్నియర్ అంటారు, రెండు గీతలు ఎక్కడ ఒకదానికొకటి ఎదురుగా కలిశాయో చూడాలి. ఆయన భూతద్దం పెట్టుకొని, కళ్లు చికిలించి, ఊపిరి బిగబట్టి చదివేవాడు. ఒకరోజు ఆయన భుజం మీదుగా తొంగిచూసి, "గా ఇరవయ్యో గీత కలిసింది," అన్నాను. ఆయన ఇంకాసేపు చూసి, "ఔ, ఇరవయ్యే," అన్నాడు. చిన్నప్పటి నుంచి సూదిలో దారం ఎక్కించిన కళ్లు నావి. ఆ పట్టీ నాకు కష్టం అనిపించలేదు. అప్పటి నుంచి మా పని కుదురుకుంది: గురి ఆయన చూస్తాడు, అంకె నేను చదువుతాను, ఆయన పుస్తకంలో రాస్తాడు. నేను కట్టె దగ్గర ఉండాల్సి వస్తే ఆ పూట మాత్రం ఆయన కళ్లు చికిలించుకోక తప్పేది కాదు.

అట్లా ఏడాది గడిచింది. ఆ మార్గశిరంలో లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఒక పెద్ద రైతు మా ఇంటికి వచ్చాడు. ఊరంతా ఆయన్ని పటేల్ అనే పిలిచేది. యాభై దాటిన మనిషి, ద్రాక్షతోట ఉంది. మొఖం మాత్రం మూడు రోజుల నుంచి నిద్ర లేనట్టుంది.

"నాకు తూర్పు గావాలె," అన్నాడు కూర్చోకముందే.

మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాక అసలు సంగతి చెప్పాడు. తోట పక్కన కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. దర్వాజ అచ్చంగా తూర్పుకే ఉండాలని ఆయన తల్లి పట్టు. వాస్తు చూసే ఒక పెద్దమనిషి వచ్చి, కంపాస్ పెట్టి, ఇదీ తూర్పు అని మేకులు కొట్టించాడు. వారం తర్వాత బావమరిది ఇంకొకాయన్ని తెచ్చాడు. ఆయన కూడా కంపాస్ పెట్టాడు. ఆయన తూర్పు వేరే దిక్కు పోయింది. మేస్త్రి మీరు తేల్చుకునేదాకా నేను ముట్టనని తాపీ పక్కన పెట్టాడు.

"పుష్యమాసం వస్తే పునాదికి ముగ్గు పొయ్యనీయదు మా అవ్వ. ఇంక ఎనిమిది దినాలున్నయి. నీ దగ్గర పెద్ద దుర్బీన్ ఉన్నదట. జర నువ్వొచ్చి చెప్పు, నాయినా."

మర్నాడు పోయాము. ఇంటిస్థలం నడుమ నిలబడి మా ఆయన తన దగ్గరున్న కంపాస్ తీశాడు. సూది మూడో దిక్కు చూపించింది. పటేల్ నెత్తికి చెయ్యి పెట్టుకున్నాడు. మా ఆయన మాత్రం చుట్టూ చూసి, పిల్లర్ల కోసం తెచ్చి కుప్పవేసిన ఇనుప సలాకల దగ్గర ఆగాడు.

"గివెప్పుడు దింపిన్రు?"

"మొదటాయన వొయినంక."

ఆయన పటేల్ చేతికి కంపాస్ ఇచ్చి సలాకల వైపు నడవమన్నాడు. పటేల్ ఒక్కో అడుగు వేస్తుంటే సూది మెల్లగా అటు మళ్లుకున్నది, వాసన పట్టిన కుక్క మూతి తిప్పినట్టు. వెనక్కి వస్తే మళ్లీ తిరిగింది. పటేల్ నాలుగైదు సార్లు అటూ ఇటూ నడిచాడు. ఆయనకు అది మస్తు నచ్చింది. మేస్త్రిని పిలిచి అతనితో కూడా నడిపించాడు. కానీ కంపాస్ తిరిగి ఇచ్చేటప్పుడు, "ఇగ సూదిని నేను నమ్మ," అన్నాడు. "సలాకలు దూరం జరిపినా నమ్మ. భూమిల ఇంకేమున్నదో ఎవనికెరుక."

అప్పుడు నులకమంచం మీద కూర్చున్న ఆయన తల్లి నోరు తెరిచింది. ఎనభై ఏళ్ల మనిషి, చెవులు చక్కగా వినిపిస్తాయి, మాట కంచు. "సూదెందుకురా? సూర్యుడు లేడా?"

"సూర్యుడు దినానికొక జాగల పొడుస్తడు కదనే, అవ్వా," అన్నాడు పటేల్.

"నాకు తెల్వదా? ఇప్పుడు గా ఈతచెట్ల కాడికి వొయిండు. శివరాత్రి దాటినంక, ఉగాది రాకముందు, గా చీలిన గుండు నడిమిట్లకెళ్లి పొడుస్తడు. గదే అసలు తూర్పు. మా మామ చెప్పిండు." తోట అవతల, అర కోసు దూరంలో, నిలువునా చీలిన పెద్ద బండరాయి ఒకటి ఉంది. అవ్వ కట్టెతో దాన్నే చూపించింది.

ఉగాది దాకా ఆగలేము. మా ఆయన కంపాస్ జేబులో పెట్టుకొని, "సూర్యునితోనే తెలుసుకోవచ్చు, పటేలా. మా ఉస్తాద్ ఒకసారి చేసిండు, నేను పక్కకున్న," అన్నాడు. తర్వాత నేల మీద పుల్లతో గీసి చెప్పాడు. పొద్దున సూర్యుడు ఎక్కుతూ ఒక ఎత్తుకు వస్తాడు. మధ్యాహ్నం దాటాక దిగుతూ మళ్లీ అదే ఎత్తుకు వస్తాడు. ఆ రెండు సార్లూ దుర్బీన్ ఏ దిక్కు చూసిందో రాసుకుంటే, రెంటికీ సరిగ్గా నడుమ ఉన్నది దక్షిణం. దక్షిణం దొరికితే తూర్పు దొరికినట్టే. సూదితో పనిలేదు.

"మరి సూర్యున్ని దుర్బీన్ల సూస్తే కన్ను వోదా?" అని పటేల్ అడిగాడు.

అదే చిక్కు. సూర్యుడి కోసం నల్లగాజు మూత ఒకటి ఉండేదట, ఎప్పుడో పగిలిపోయింది. ఆ సాయంత్రం ఇంటి దగ్గర గిన్నెలు తోముతుంటే నాకు బడి గుర్తొచ్చింది. గ్రహణం రోజు మా పంతులమ్మ అట్టముక్కకు రంధ్రం చేసి, సూర్యుణ్ని గోడ మీద చూపించింది. కళ్లు పైకి ఎత్తనే లేదు మేము.

"దుర్బీన్‌కు కన్ను వెట్టుడెందుకు? ఎనక కాయితం వెడితే?" అన్నాను.

మర్నాడు పొద్దున డాబా ఎక్కి చేసి చూశాము. ఆయన నీడ చూసుకుంటూ దుర్బీన్‌ను సూర్యుడి వైపు తిప్పాడు. నేను కన్ను ఆనించే గాజు వెనక జానెడు దూరంలో తెల్లకాగితం పట్టుకున్నాను. ముందు మసక వెలుగు, తర్వాత మరలు తిప్పుతుంటే రూపాయి బిళ్లంత గుండ్రటి సూర్యుడు కాగితం మీదికి వచ్చి కూర్చున్నాడు. దుర్బీన్ లోపలుండే సన్నటి అడ్డగీత, నిలువుగీత కూడా సూర్యుడి మీద వెంట్రుకల్లా కనబడ్డాయి. చూస్తూ చూస్తూ ఉండగానే సూర్యుడు గీతను దాటి జరిగిపోతున్నాడు. సూర్యుడు నడుస్తాడని తెలుసు గానీ, అంత దగ్గరగా, చేతిలో, నడుస్తుంటే చూడడం అదే మొదలు. కింద ఇంటామె బట్టలు ఆరేయడానికి వచ్చి మమ్మల్ని చూసి, తడిబట్టలతోనే దిగిపోయింది.

ఆ తర్వాతి రోజు లాల్‌గడి మలక్‌పేట్‌కు ఎనిమిదింటికే చేరాము. పటేల్ సలాకలన్నీ దూరంగా మోయించి పెట్టాడు, అక్కర్లేదని చెప్పినా. దుర్బీన్ నిలబెట్టి, ఊరి నీళ్లట్యాంకు కొనను సున్నాగా పెట్టుకున్నాము. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా దాని కాళ్లు వెంట్రుకవాసి కదలొద్దు. చుట్టూ నాలుగు కట్టెలు పాతి తాడు కట్టాము.

తొమ్మిది దాటాక మొదటిసారి సూర్యుడు అడ్డగీత మీదికి వచ్చాడు. ఆయన "ఇగో" అన్నాడు. నేను నా చేతిగడియారం చూశాను: తొమ్మిదీ పద్నాలుగు. పళ్లెం మీద అంకె చదివాను. దుర్బీన్ ఇంకొంచెం పైకెత్తి, పావు తక్కువ పదికి రెండోసారి. పదింపావుకు మూడోసారి. మూడూ, ఎత్తులతో సహా, పుస్తకంలో ఎక్కాయి.

అప్పటికి సగం ఊరు అక్కడే ఉంది. కాగితం మీద సూర్యుణ్ని చూసినవాళ్లు పోయి చూడనివాళ్లను తోలుకొస్తున్నారు. అవ్వ కట్టె పట్టుకొని వచ్చి, కాగితం మీదికి వంగి చాలాసేపు చూసింది.

"కాలుతదా?"

"కాయితమే కాలుతలేదు, అవ్వా. చెయ్యి జర దూరమే పెట్టు," అన్నాను నేను.

అవ్వ కాగితం ఉన్నచోట అరచెయ్యి చాపింది. ముడతలు పడ్డ అరచేతిలో తెల్లటి సూర్యుడు వణుకుతూ నిలబడ్డాడు. అవ్వ రెండో చేత్తో కొంగు తీసి తల మీద కప్పుకుంది. తర్వాత మెల్లగా, "ఎనభై ఏండ్ల సంది నేను దండం వెడుతున్న. ఇయ్యాల ఆయననే వచ్చిండు," అంది.

ఇక చూడాలి. ఆడవాళ్లు, మొగవాళ్లు, మేస్త్రి, ఇసుక మోసే కూలీలు, అందరూ అరచేతులు చాపుకొని వరుసకట్టారు. బిడ్డ చేతిలో పట్టించిన తల్లులున్నారు. పటేల్ రెండుసార్లు వచ్చాడు. పదకొండింటికి ఆ రెండో వాస్తు ఆయన కూడా వచ్చాడు, గొడవ పడడానికేమో అని మేము బెదిరాము. ఆయన వరుసలో నిలబడి, తన వంతు రాగానే అరచెయ్యి చాపి, వెళ్లి అవ్వ మంచం పక్కన కూర్చున్నాడు. "ఫలితం నేను గూడ సూసే పోత," అన్నాడు.

మధ్యాహ్నం పటేల్ ఇంటివాళ్లు జొన్నరొట్టెలు, అనపగింజల గుడాలు, చల్ల తెచ్చారు. దుర్బీన్ చుట్టూ నేల మీదే కూర్చొని తిన్నాము. అప్పుడే ఒక మేకల మంద వచ్చింది. ఒక పోతు తాడు కింద నుంచి దూరి స్టాండు కాలును వాసన చూస్తుంటే, అవ్వ మంచం మీద నుంచే కట్టె నేలకేసి కొట్టి ఒక్క కేక వేసింది. మేకతో పాటు ముగ్గురు మనుషులు కూడా వెనక్కి జరిగారు. ఆయన వంగి ట్యాంకు కొన మీద గురి చూసి, "కదలలే," అన్నాడు.

రెండింటికి మబ్బు కమ్మింది. మూడో ఎత్తుకు సూర్యుడు దిగాల్సిన సమయం, రెండూ పది, మబ్బు వెనకే దాటిపోయింది. ఆయన మొఖం చిన్నబోయింది. ఊరంతా తలలెత్తి మబ్బునే చూస్తున్నది. రెండున్నరకు ఒక పక్క తెరుచుకుంది. పావు తక్కువ మూడుకు కాగితం మీద సూర్యుడు ముందు పాలిపోయి, తర్వాత నిండుగా వచ్చాడు. "ఇగో" అన్నాడు ఆయన. నేను చదివాను. మూడూ పద్నాలుగుకు ఇంకోసారి. మూడు జతల్లో రెండు దక్కాయి.

ఆయన పుస్తకం మోకాలి మీద పెట్టుకొని లెక్క వేశాడు. మళ్లీ వేశాడు. రెండు జతల నడిమి అంకెలూ ఒకటే రావాలి. ఒకటి ఎనభై ఏడు డిగ్రీల చిల్లర వచ్చింది, ఇంకొకటి తొంభై రెండు దాటింది. ఐదు డిగ్రీలు తేడా. పటేల్, అవ్వ, మేస్త్రి, వాస్తు ఆయన, అందరూ ఆయన మొఖమే చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నేను పుస్తకంలోకి తొంగిచూశాను. పొద్దున మొదటి అంకె నలభై తొమ్మిది అని ఉంది. రెండోది నలభై నాలుగు.

"నువ్వు తప్పు రాసినవ్," అన్నాను. "నేను ముప్పై తొమ్మిది అన్న."

"నలభై తొమ్మిదే అన్నట్టు యాదికున్నది."

"మొదలు నలభై తొమ్మిది, అర్ధగంటకు నలభై నాలుగెట్లయితది? తర్వాతది యాభై ఒకటి రాసినవ్. సూర్యుడు ఎనకకు నడిసి మల్ల ముందుకొచ్చిండా?"

ఆయన అంకెల వైపు చూశాడు. నా వైపు చూశాడు. నాలుగు కొట్టేసి మూడు వేశాడు. లెక్క మళ్లీ వేశాడు. రెండు జతలూ ఎనభై ఏడు డిగ్రీల దగ్గరే, రెండే రెండు నిమిషాల తేడాతో వచ్చి కూర్చున్నాయి. ఆయన నవ్వు అప్పుడు చూడాలి. అంతమంది ముందు తప్పు పట్టినందుకు కోపగించుకోలేదు సరికదా, "మా ఇంటామె సరిచేసింది, పటేలా," అని గట్టిగా చెప్పాడు. పెళ్లయి ఏడాదిన్నర, అప్పటిదాకా ఆయన్ని మీరు అనేదాన్ని. ఆ కంగారులో నువ్వు అన్నాననే సంగతి ఇంటికి పోయాక గానీ తట్టలేదు. తర్వాత మళ్లీ మీరు అనలేదు.

దక్షిణం నుంచి తొంభై డిగ్రీలు తిప్పి దుర్బీన్ బిగించాము. ఆయన లోపలికి చూసి, తల ఎత్తి, అవ్వను పిలిచాడు. అవ్వ ఒక కన్ను మూయడం రాక, చేత్తో మూసుకొని చూసింది. దుర్బీన్‌లో నిలువుగీత మీద, తలకిందులుగా, ఆ చీలిన గుండు ఉంది. గీత సరిగ్గా చీలికలో పడింది.

"నేను చెప్పలే?" అంది అవ్వ, కొడుకు వైపు తిరిగి.

మొదటి వాస్తు ఆయన కొట్టించిన మేకులు ఆ గీతకు డిగ్రీ కూడా తప్పలేదు. రెండో ఆయన చూసి, "అయితే నాది సలాకల తప్పు," అని ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, తర్వాత నుంచి ఇనుము లేని చోటే కంపాస్ పెడతానని మేస్త్రికి తనే చెప్పాడు. మేస్త్రి తాపీ కడిగి, దారం కట్టి, పొద్దు కుంకకముందే ముగ్గు పోశాడు.

సామాను సర్దుతుంటే నాకు ఇంకో సందేహం వచ్చింది. తొమ్మిదీ పద్నాలుగుకూ మూడూ పద్నాలుగుకూ నడుమ పన్నెండు కాదు కదా, పన్నెండూ పద్నాలుగు. "పగటి నడుమ పన్నెండు గావాలె గద?" అని ఆయన్ని అడిగాను.

"మన గడియారాలు దేశమంతటికీ ఒకటే టైం చెప్తయి. గా టైం మనకు తూర్పున ఇంకో జాగను వట్టి పెట్టిన్రు. ఆడ పన్నెండైనంక పావుగంటకు సూర్యుడు మన నెత్తి మీదికొస్తడు," అన్నాడు. సంవత్సరం పొడుగునా ఆ తేడా కూడా ఒకేలా ఉండదని, కొన్ని నెలలు పెరుగుతుందని, కొన్ని నెలలు తగ్గుతుందని చెప్పాడు.

అవ్వ విన్నది. "మా ఊరికి బస్సే గాదు, సూర్యుడు గూడ ఆలస్యమే అన్నట్టు," అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది పటేల్.

శివరాత్రి దాటాక ఒక పొద్దున పటేల్ మనిషిని పంపించాడు. తెల్లవారకముందే స్కూటర్ మీద పోయాము. గోడలు లేచాయి, కప్పు ఇంకా పడలేదు, దర్వాజ చట్రం మాత్రం నిలబెట్టారు. అవ్వ వెనక గోడ దగ్గర పీట వేసుకొని కూర్చుంది. సూర్యుడు చీలిన గుండు నడుమ నుంచి వచ్చాడు. వెలుగు దర్వాజలో నుంచి సీదా లోపలికి వచ్చి, అవ్వ కాళ్ల మీద పడి, ఒళ్లోకి ఎక్కింది. అవ్వ కదలకుండా కూర్చొని, "సల్లగుండున్రి," అంది, మమ్మల్నో, ఇంటినో, సూర్యుణ్నో. ఆ రోజు మాకు గంపెడు ద్రాక్ష ఇచ్చారు. ఒళ్లో దుర్బీన్ బదులు ద్రాక్ష పట్టుకొని మేడ్చల్ దాకా తింటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి గంపలో గుంట పడింది. "నీకు జాకెట్ బట్ట ఇస్తరనుకున్న," అన్నాడు ఆయన.

ఆ ఇంటి తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో మాకు మంచి పేరే వచ్చింది. దుండిగల్ వైపు కొత్త కాలనీలు లేస్తున్నాయి, కాలేజీలు వస్తున్నాయి. సూర్యుడితో తూర్పు కావాలని అడిగేవాళ్లు ఏడాదికి నలుగురైదుగురు ఉండేవాళ్లు. వాళ్లలో సగం మంది అరచేతిలో సూర్యుణ్ని పట్టుకోవడానికే పిలిచారని నా అనుమానం. రెండు వేల సంవత్సరం తర్వాత దూరం, కోణం తనే కొలిచి అంకెలు తెర మీద చూపించే కొత్త యంత్రాలు వచ్చాయి. టోటల్ స్టేషన్ అంటారు. ఆయన ఒకటి కిరాయికి తెచ్చాడు. రెండు రోజులు దాని పుస్తకం ముందేసుకొని పైకి చదువుతూ కూర్చుంటే, నేను వంటింట్లో నుంచే రెండు మీటలు చెప్పాను. అందులో మనుషులు నిటారుగా కనబడతారు. మొదటిసారి ఆయన్ని అందులో చూసినప్పుడు, పొట్ట వచ్చిందని తెలిసింది.

ఒకసారి ఆయనకు జ్వరం. అదే రోజు ఒక ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘానికి గది కట్టుకోవడానికి జాగా కొలవాలి. రేపంటే వాళ్ల మేస్త్రి దొరకడు. "నువ్వు వో," అన్నాడు ఆయన దుప్పటిలో నుంచి. పాత థియోడలైటే తీసుకొని, షేర్ ఆటోలో కూర్చున్నాను. పెట్టెలో ఏముందని పక్కనామె అడిగితే కొలిచే మిషన్ అన్నాను. ఎవరు కొలుస్తారని అడిగింది. నేనే అన్నాను. ఆమె కొంచెం జరిగి పెట్టెకు చోటిచ్చింది.

అక్కడ పదహారు మంది ఆడవాళ్లు నా కోసం నిలబడి ఉన్నారు. కట్టె ఎవరు పట్టుకుంటారని అడిగితే అందరూ చేతులెత్తారు. ఒకామెను పట్టుకోమని, నేను స్టాండు పాతి, మరలు తిప్పుతూ కూర్చున్నాను. బుడగ అటు పోయింది, ఇటు వచ్చింది. పక్కన ఆయన లేడు, ఉస్తాద్ లేడు, ఎవరూ తొందరపెట్టేవాళ్లు లేరు. బుడగ నడుమకు వచ్చి ఆగింది. నాలుగు మూలలూ కొలిచి, మేకులు కొట్టించి, ముగ్గు పోయించేసరికి పన్నెండు దాటింది. వాళ్లు నన్ను పోనివ్వలేదు. వేపచెట్టు కింద కూర్చోబెట్టి, పప్పుచారు, అన్నం, వేయించిన చేప వడ్డించారు. నేను తింటుంటే వాళ్లు ఒక్కొక్కరే దుర్బీన్‌లో నుంచి ఒకరినొకరు చూసుకొని నవ్వుకుంటున్నారు.